చెప్పులు బయటే విడువవలెను

కోడుమూరు ఎర్రంచు చేనేత సంఘానికి మూడు కంప్యూటర్లు వచ్చిన నాడు అధ్యక్షుడు బసవన్న చేసిన మొదటి పని, ఆ గది తలుపు మీద బోర్డు రాయించడం. ఎర్ర రంగు, అక్షరం జానెడు. "చెప్పులు బయటే విడువవలెను." కంప్యూటర్లకు వైరస్ వస్తుందని కర్నూలు మీటింగులో ఎవరో చెప్తే విని వచ్చాడాయన. వైరస్ అంటే జబ్బు. జబ్బు మురికితో వస్తుంది. మురికి చెప్పులకు అంటుకొని వస్తుంది. లెక్క సరిపోయింది, బోర్డు పడింది.

నవ్వొద్దు. 2008లో మెడకు టై కట్టుకున్నవాళ్ల ఆఫీసుల్లో కూడా ఇదే బోర్డు వేలాడేది. బసవన్న పాపం బడి గడప తొక్కినవాడు కాదు. వాళ్లకేం రోగమో వాళ్లనే అడగాలి.

చిక్కెక్కడ వచ్చిందంటే, చెప్పులు విడిచినవాణ్ణి ఆ గదిలో ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ వీధి మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. కంప్యూటర్లు వేడెక్కకూడదని పెట్టించిన ఏసీ కింద మనుషులే ఎక్కువ చల్లబడేవారు. నూలు అమ్మేవాడు వస్తే అందులోనే కుర్చీ. పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చినవాడికీ అందులోనే టీ. చందాలడిగేవాళ్లు కాళ్లు కడుక్కొని మరీ లోపలికొచ్చి, అరగంట కునుకు తీసి, చందా సంగతి మరచిపోయి వెళ్లేవారు. వట్టి కాళ్లతో వచ్చాడా, వాడు మంచివాడు. అంతే.

ఆ గది తాళంచెవి శివపార్వతి నడుముకు ఉండేది.

శివపార్వతికి ముప్పై రెండేళ్లు. పది దాకా చదివి, తల్లి ఉరుకుందమ్మ పక్కన కూర్చొని పదేళ్లు చీరలు నేసింది. సంఘానికి కంప్యూటర్లు వస్తున్నాయని తెలిసి ఒక గైడు పుస్తకం కొనుక్కొని ఒంటరిగా నేర్చుకుంది. నేర్పుతామన్నవాళ్లు ఫీజు అడిగారు, గైడు పుస్తకం అడగలేదు. చీర అంచుకు కావలసిన పువ్వునో పిట్టనో కంప్యూటర్ మీద గళ్లు గళ్లుగా గీసేది ఆమే. ఆ గీత ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన జకార్డుకు ఎక్కుతాయి. అప్పుడు పువ్వు అంచులోకి దిగుతుంది. సంఘంలో ముప్పై ఎనిమిది మగ్గాలు. ముప్పై ఎనిమిది పొయ్యిలు వెలగాలంటే ఆ గీత కొత్తదై ఉండాలి, సంఘానిదే అయి ఉండాలి.

ఆ గీతకు కాళ్లొచ్చాయి.

మొదట వేపాకు అంచు పోయింది. సంఘం చీరలు మగ్గం దిగకముందే అదే అంచుతో మరమగ్గం చీరలు కర్నూలు అంగళ్లలో వేలాడాయి, మూడో వంతు ధరకు. తర్వాత గువ్వల అంచు. అదీ అంతే. హైదరాబాదు షోరూమువాళ్లు ఫోను చేసి ఒకే మాట చెప్పారు. రెండు వందల చీరలకు మామిడిపిందె అంచు కావాలి, ఇది కూడా మాకంటే ముందు బజారులో కనబడిందంటే ఇక మీకూ మాకూ సరి.

కార్యవర్గంలో చిన్న ఈరన్న అని ఒకాయన ఉన్నాడు. ఆయన బామ్మర్ది పనీపాటా లేక తిరుగుతున్నాడు కాబట్టి ఆయనకు న్యాయం మీద మక్కువ ఎక్కువ.

"తాళంచెవి యాడుండాది? పార్వతి నడుముకుండాది. గీతలు యాడనుంచి పోయినాయి? ఆ గదిలోనుంచి పోయినాయి. ఇంగ దీనికి పోలీసులెందుకప్పా?"

బసవన్న మీసం దువ్వుకున్నాడు. మాట్లాడడం ఇష్టం లేనప్పుడు ఆయన చేసే పని అది.

"పార్వతీ, నువ్వు నాకు బిడ్డలాంటిదానివి. కానీ ముప్పై ఎనిమిది మగ్గాలు తల్లీ. జూలై ఒకటో తేదీ సర్వసభ్య సమావేశం. ఆ లోపల దొంగ దొరకల్ల. లేదంటే ఆ చెవి మేజా మీద పెట్టి పోవాల."

"బిడ్డంటావు, చెవి పెట్టి పొమ్మంటావు. ఏ బిడ్డనట్ల పంపుతావు పెద్దనాయనా?"

బసవన్న మీసం రెండో వైపు కూడా దువ్వుకున్నాడు.

ఆ సాయంత్రం శివపార్వతి ఇంటికి పోయి తల్లి మగ్గం పక్కన కూలబడింది. ఎవరు తీశారో, ఎవరు తీశారో అని పదిసార్లు అంది. ఉరుకుందమ్మ చేతిలో నాడెను పోగుల మధ్య అటూ ఇటూ ఆడించడం ఆపకుండానే కసిరింది.

"పోగు తెగితే యాడ తెగిందో ఎతుకుతాము. ఎవురు తెంపినారని ఏడుస్తామా? ఎప్పుడు పోయింది, ఎట్ల పోయింది, అది చూడు పో."

మరుసటి రోజు శివపార్వతి కంప్యూటర్ పెట్టెను పాత దుప్పటిలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని కర్నూలు వెళ్లింది. అక్కడినుంచి షేర్ ఆటోలో కల్లూరు. కల్లూరులో వీరేంద్ర అనే కుర్రవాడి నెట్ సెంటర్ ఉంది. పాడైన కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఆమెకు ఒకప్పుడు గైడు పుస్తకంలో అర్థం కాని పేజీలు ఫోనులో చెప్పింది ఇతనే.

"అక్కా, దీనికి గోడలు కట్టిస్తాము, కాపలా పెడతాము అని సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్లు శానామందుండారు. నేనూ అమ్ముతా. కొంటావా?"

"నా దగ్గర దుడ్లు ల్యా."

"అయితే నిజం చెప్తా, ఇట్ల కూచో."

కంప్యూటర్ లోపల ఒక చిట్టా ఉంటుందని, దానికి ఏది ఎప్పుడు గుచ్చారో అది తనంతట తాను రాసుకుంటుందని వీరేంద్ర తెరిచి చూపించాడు. పెన్ డ్రైవ్ ఒకటి గుచ్చారు. గీతల ఫైళ్లు ఆ నిమిషంలోనే కదిలాయి. వేపాకు పోయినప్పుడు, గువ్వలు పోయినప్పుడు, రెండుసార్లూ గురువారమే. రెండుసార్లూ మధ్యాహ్నం రెండున్నర.

శివపార్వతి ఆ టైము మళ్లీ చదివింది. ఆ వేళకు ఆమె ఇంట్లో అన్నం తింటూ ఉంటుంది. రోజూ ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా. తాళంచెవి? బసవన్న గదిలో మేకుకు తగిలించి పోతుంది, ఏసీ గదిలో ఎవరైనా పెద్దమనుషులు కూర్చోవాలంటే ఇబ్బంది పడకూడదని. తాళంచెవి ఆమె నడుముకే ఉందని ఊరంతా అనుకుంటోంది. ఆమె కూడా అలాగే అనుకుంటోంది.

"ఇంగొక సంగతి," అన్నాడు వీరేంద్ర. "మీ మూడు కంప్యూటర్లకు నీలం వైరు కలిపినారే, ఒకదాంట్లో దూరినోడు మూడింట్లో దూరినట్లే. మంచి సరుకు ఉండేదానికి ఆ వైరు పీకెయ్. మనుషుల్ని కూడా మంచోళ్లా చెడ్డోళ్లా అని చూడొద్దక్కా. ఎవురొచ్చినారు, ఎందుకొచ్చినారు, చేతిలో ఏముండాది? ఈ మూడే అడుగు."

చేతిలో ఏముందో తెలియదు. కాళ్లకేముందో మాత్రం ఒకరికి తెలుసు.

ఏసుమణి ఆ సంఘంలో ఇరవై ఏళ్లుగా ఊడుస్తోంది. బసవన్న బోర్డు పెట్టిననాటి నుంచి వరండాలో అడ్డదిడ్డంగా పడే చెప్పులను వరసగా పెట్టే పని కూడా ఆమె నెత్తిన పడింది. దానికి జీతం పెరగలేదు. దొంగతనం గురించి కార్యవర్గం నాలుగుసార్లు కూర్చుంది, నాలుగుసార్లూ ఆమె టీ గ్లాసులు ఎత్తింది. నువ్వేమైనా చూశావా అని ఒక్క మగాడూ అడగలేదు. చీపురు పట్టుకున్న మనిషికి కండ్లు ఉంటాయని పెద్దమనుషులకు తోచదు.

"ఏసుమణక్కా, గురువారం మద్యాన్నం ఈ గది ముందర ఎవురి చెప్పులుంటాయి?"

ఏసుమణి చీపురు గోడకు ఆనించింది.

"ఇన్నాళ్లకు అడిగినావు! చిన్న ఈరన్నవి ఆ పొద్దు ఉండవు. ఆయప్పవి ఎడమది అరిగుంటాది, మనిషి కూడా అట్లే ఒక పక్క వాలి నడుస్తాడు. గురువారం గురువారం నూలాయప్ప ధనుంజయ వస్తాడు చూడు, కడపాయన, ఆయనవుంటాయి. తెల్ల తోలువి. ఆ జత ఖరీదుతో నేను ఒక నెల బతుకుతా. రెండింటికి ఆయన పోతాడు. పోయినాక ఒకే జతుంటాది."

"ఎవురివి?"

"కిర్రుమనేవి."

కోడుమూరులో కిర్రుమనే చెప్పులు ఒకరివే. శివపార్వతి బసవన్న గది వైపు చూసింది.

"తలుపేసుకోని పాటలింటాడమ్మా," అంది ఏసుమణి. "ఆ పెట్టెలోనుంచే వస్తాయి పాత పాటలు, ధనుంజయ తెచ్చిచ్చేవి. ఒక్కోసారి తనూ ఎత్తుకుంటాడు. ఎనుము ఈనుతాండాదేమో అనుకోని ఒకసారి నేను తలుపు కూడా తోసినా."

ఆ మధ్యాహ్నం బసవన్న భోజనానికి పోయినప్పుడు శివపార్వతి ఆయన మేజా సొరుగు లాగింది. పొడుం డబ్బీ పక్కన ఎర్రటి పెన్ డ్రైవ్. వైరు పీకేసిన కంప్యూటర్‌కు గుచ్చి, వీరేంద్ర ఫోనులో చెప్తూ ఉంటే ఒక్కొక్కటే చూసింది. పైకి అరవై పాటలు. వాటి వెనక, మామూలుగా తెరిస్తే కనబడని సంచి ఒకటి. అందులో వేపాకులు, గువ్వలు, కంప్యూటర్లు వచ్చినప్పటినుంచి గీసిన ప్రతి గీతా. పాట కోసం నొక్కగానే వెనక ఒక చిన్న ప్రోగ్రామ్ లేస్తుంది. నీలం వైరు పట్టుకొని మూడు కంప్యూటర్లూ తిరిగి, గీతలన్నీ ఏరుకొచ్చి సంచిలో వేసుకుంటుంది. రెండు వారాలకొకసారి ధనుంజయ వచ్చి "పాత పాటలియ్యన్నా, కొత్తవి నింపుకొచ్చినా" అని ఇంకొకటి చేతిలో పెట్టి దీన్ని పట్టుకుపోతాడు. దొంగ కంప్యూటర్‌ను తాకనే తాకలేదు. చెప్పులు విడిచి, టీ తాగి, నమస్కారం పెట్టి పోయాడు.

పెన్ డ్రైవ్‌ను మళ్లీ సొరుగులోనే పెట్టేసింది. ఇప్పుడు పోయి చెప్తే? ధనుంజయ నాకేం తెలుసమ్మా అంటాడు. చిన్న ఈరన్న, చూడండప్పా, తన దొంగతనాన్ని అధ్యక్షుడి మీదికి నెడుతోంది అంటాడు. బసవన్న ఏమంటాడో, అది మాత్రం ఆమెకు తలచుకోవాలనిపించలేదు.

ఉరుకుందమ్మ అంతా విని చేతులు దులుపుకొంది.

"మాయమ్మ కాలంలో మా అంచు చూసి ఎవురన్నా నేస్తాండారని అనుమానమొస్తే, తరువాతి చీరలో కావాలనే ఒక తప్పు పోగు ఏసేవాళ్లం. దాన్ని కూడా నేసినారంటే తీరిపాయ. నువ్వు కూడా తప్పు ఏసిపెట్టు. ఆయప్పకు పాటలు, వాళ్లకు పిందెలు!"

శివపార్వతి అసలు మామిడిపిందెను వైరు లేని కంప్యూటర్‌లో గీసి దాచింది. దాని అట్టలు తల్లి ఇంట్లో కొట్టించింది. మిగిలిన రెండు కంప్యూటర్లలో ఇంకొక పిందె పెట్టింది. అంచు గీసేటప్పుడు సగమే గీస్తారు, మిగతా సగాన్ని మగ్గమే అద్దంలో మాదిరి తిప్పి జత చేసుకుంటుంది. ఆమె గీసిన పిందె కొంచెం పొడుగ్గా ఉంది, నడుమ రెండు సన్న గీతలు, కొసన కలిశాయి. ఈనెలు అనుకోవచ్చు. కాగితం మీద చూసి ఉరుకుందమ్మకు ఏమీ తోచలేదు. శివపార్వతి దాని పక్కన చేతి అద్దం నిలబెట్టింది. ముసలామె చూసింది. చూసి, నవ్వి, పొలమారి, నీళ్లు తాగి, మళ్లీ చూసి మళ్లీ పొలమారింది.

గురువారం ధనుంజయ వచ్చాడు. తెల్ల చెప్పులు విడిచాడు. కంప్యూటర్‌కు కూడా ఒక నమస్కారం పెట్టాడు.

"ఏం పార్వతమ్మా, హైదరాబాదు అంచు ఎందాక వచ్చింది?"

"ఖరారైందన్నా. ఈ పెట్టెలోనే ఉండాది, వచ్చే వారం అట్టలు కొట్టిస్తాండాము."

"శానా సంతోషం. మీరు చల్లగుంటే మా నూలు కూడా చల్లగుంటాది."

"ఈ గదిలో చల్లగుండనిదేముందిలేన్నా."

ఒంటిగంటన్నరకు ఆమె తాళంచెవిని రోజులాగే మేకుకు తగిలించి బయటికి నడిచింది. వరండా చివర ఏసుమణి పక్కన కూర్చుంది. తెల్ల చెప్పులు వెళ్లిపోయాయి. కాసేపటికి కిర్రు, కిర్రు. తలుపు పడింది. లోపల ఎవరో ఆడమనిషి తీయగా ఎత్తుకుంది, ఆ తర్వాత దాని మీద బసవన్న పడ్డాడు.

"ఈనింది," అంది ఏసుమణి.

ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. రెండు వారాల తర్వాత ధనుంజయ వచ్చి కొత్త పాటలు ఇచ్చి, పాత పెన్ డ్రైవ్ జేబులో వేసుకొని పోయాడు. అప్పటినుంచి శివపార్వతికి నవ్వు ఆగిపోయింది. వాళ్లు ఫైలు తెరిచి కాస్త నిదానంగా చూస్తే? ఒక్క చీర నమూనాకు నేసి చూసుకుంటే? దొంగ దొరకడు, చెవి పోతుంది. ఆమె లెక్క ఒక్కటే. మరమగ్గంవాడికి తొందరెక్కువ. సంఘం కంటే ముందు బజారులో పడకపోతే వాడి దొంగతనానికి విలువ లేదు.

జూలై ఒకటి. సంఘం ఆవరణలో షామియానా కింద నూట ఇరవై మంది సభ్యులు. బసవన్న నోరు తెరవకముందే చిన్న ఈరన్న లేచాడు. చంకలో ప్లాస్టిక్ కవరు.

"అయ్యా, మాటలెందుకు! నిన్న నేను కర్నూలు పోయింటి. ఒక అంగట్లో ఇది దొరికింది. మన మామిడిపిందె అంచు! మన చీరలు ఇంగా హైదరాబాదు పోనేలేదు, ఇది బజారులో ఉండాది! మూడోసారి! ఇంగ చెవి యాడుండల్లో మీరే చెప్పండప్పా!"

కవరులో మడిచిన చీర. మడత మీద ఒక్క పిందె కనబడుతోంది, జరీతో మెరుస్తోంది. షామియానా కింద గుసగుసలు లేచాయి. బసవన్న శివపార్వతి వైపు చూసి తల దించుకున్నాడు. ఆమె లేచి నడుము దగ్గరి తాళంచెవి విప్పి మేజా మీద పెట్టింది.

"చెవి ఇదో. ముందు ఆ చీర మడత విప్పు మామా. కొంగు నుంచి అంచు దాకా అందరికీ చూపించు."

చిన్న ఈరన్న ఠీవిగా విప్పాడు. ఒక కొస తాను పట్టుకొని ఇంకొక కొస పక్కవాడికి ఇచ్చి చాచి నిలబడ్డాడు.

మొదట ముందు వరసలో ఒక ముసలి నేతగాడు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అవి పిందెలు కావే," అన్నాడు.

కావు. పిందె పక్కన పిందె తిరగబడి జత కట్టింది. నడుమ ఈనెలు వార్లయ్యాయి. ఎడమది ఎడమ కాలికి, కుడిది కుడి కాలికి. చీర అంచు పొడవునా, ఆరు గజాల మేర, జరీ చెప్పులు. జత తర్వాత జత, ఎవరో ఏదో గదిలోకి పోతూ వరసగా విడిచినట్టు.

"చెప్పులురా నాయనా!"

"చిన్న ఈరన్న చెప్పుల చీర కొనుక్కొచ్చినాడు!"

"ఇంట్లో ఆయమ్మకు పెట్టు ఈరన్నా, కాళ్లు కాలవు!"

షామియానా గుంజలు ఊగేటట్టు నవ్వారు. చిన్న ఈరన్న చీర వదిలెయ్యాలో పట్టుకోవాలో తెలియక అలాగే చాచి నిలబడిపోయాడు, ఎడమ పక్కకు కొంచెం వాలి.

నవ్వులు తగ్గేదాకా ఆగి శివపార్వతి చెప్పింది. అసలు పిందె వైరు లేని పెట్టెలో ఉందని, రెండు వందల చీరల్లో నూట అరవై మగ్గం దిగాయని. ఈ చెప్పుల గీత ఒకే ఒక దారిలో బయటికి పోగలదని. ఆ దారి పేరు పాటలని. పాటలిచ్చింది ధనుంజయ అని చెప్పింది. ఎవరు విన్నారో చెప్పలేదు.

చెప్పాల్సిన పని పడలేదు. బసవన్న లేచి, కిర్రు కిర్రుమంటూ లోపలికి పోయి, ధనుంజయ కొత్తగా ఇచ్చిన పెన్ డ్రైవ్ తెచ్చి తాళంచెవి పక్కన పెట్టాడు. మీసం దువ్వుకోలేదు.

"నేనే," అన్నాడు. "నేనే గుచ్చినా. చెప్పులు విడిచే పోయినా కదమ్మా…"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. శివపార్వతికి కూడా కోపం రావాల్సింది, రాలేదు. ఈ మనిషి జన్మలో ఎవరినీ మోసం చేయలేదు కాబట్టి మోసం జేబులో పట్టేంత ఉంటుందని ఆయనకు తెలియదు.

"నీ గొంతుకే శిక్ష పడల్ల పెద్దనాయనా, మనిషికొద్దు," అంది. అప్పుడు నవ్వారు. బసవన్న కూడా.

"చెవి తీసుకో తల్లీ."

"ఊరికే తీసుకోను. ఇంగ ఈ చెవి మేకుకు తగిలించేది ల్యా. ఏసీ గదిలో టీలు లేవు, పెండ్లి పత్రికలు లేవు. వచ్చినోళ్ల పేరు, పని, టైము పుస్తకంలో రాయల్ల. తలుపు దగ్గర ఏసుమణక్క కూచుంటాది, కుర్చీలో. దానికి జీతం ఏరే."

చిన్న ఈరన్న చీర మడుస్తూనే లేచాడు. "ఊడ్చే ఆమెనా? కంప్యూటర్ల కాపలాకా?"

"మామా, నీకు ఎడమ చెప్పు అరిగిందని ఆమెకు తెలుసు. ఏ సాఫ్ట్‌వేర్‌కు తెలుసో చెప్పు, దాన్నే కొందాం."

ఆయన కాళ్లు బెంచీ కిందికి లాక్కున్నాడు. తీర్మానం చేతులెత్తి ఆమోదించారు.

ధనుంజయ మళ్లీ కోడుమూరు రాలేదు. ఆయన ఫోను పలకడం లేదని, అంగళ్లవాళ్లు వెనక్కి తిప్పి పంపిన చెప్పుల చీరల కట్టలతో మరమగ్గం యజమాని ఆయన ఇంటి ముందే కూర్చున్నాడని బస్సులో ఎవరో చెప్పుకున్నారు. హైదరాబాదు షోరూము ఇంకో మూడు వందల చీరలు అడిగింది.

పాత బోర్డు మీద సున్నం కొట్టారు. దాని కింద కుర్చీలో ఏసుమణి, ఒడిలో ప్లాస్టిక్ బుట్ట, పక్కన పుస్తకం. రాయడం రాదు కాబట్టి వచ్చినవాళ్ల చేతనే రాయిస్తుంది, అరిస్తే రెండుసార్లు రాయిస్తుంది. కట్టుకున్నది చెప్పుల చీరే. కర్నూలు అంగడివాడు పీడ వదిలితే చాలని యాభై రూపాయలకు ఇచ్చాడు.

బసవన్న తలుపు దాకా వచ్చి, అలవాటు కొద్దీ ఒక కాలు చెప్పులోంచి బయటికి తీశాడు.

"ఏసుకోనే పో సామీ," అంది ఏసుమణి, బుట్ట ముందుకు జరిపి. "జేబులో ఏముండాదో, అది ఈడ పెట్టు."